ఒవెన్, గుడ్డు లేకుండా క్రొయేషియా ఇంటి వంటలు: వరంగల్ సరుకులతో ఎట్లా?

హన్మకొండ_వంటిల్లు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్తే. ఇంట్లో నలుగురం. శాకాహారం, గుడ్డు కూడా వాడం. ఒవెన్ లేదు, రెండు పొయ్యిల గ్యాస్, అయిదు లీటర్ల కుక్కర్, మందపాటి ఇనుప పెనం ఉన్నాయి. పెద్దవాళ్లకు కారం, మసాలా బాగా తగ్గించాలి. రోజూ చప్పిడి పప్పే పెడితే మొహం మొత్తుతుంది కాబట్టి, మసాలా అవసరం లేకుండానే రుచిగా ఉండే వంటలు కావాలి. ఆ లెక్కన క్రొయేషియా పల్లె వంట బాగా కుదురుతోంది. మాంసం, చేపల సంగతి పక్కనబెడితే అక్కడి రోజువారీ తిండి చిక్కుడు గింజలు, ఆకుకూర, ఆలుగడ్డ, మక్కపిండి, ఎల్లిగడ్డ. అన్నీ మన మార్కెట్లో దొరికేవే.

బాగా వస్తున్న వంట బ్లిట్వా, అంటే ఆకు, ఆలుగడ్డ కలిపి చేసే కూర. అది కావలసినవాళ్ల కోసం ముందే రాస్తున్నా. క్రొయేషియాలోని దాల్మేషియా సముద్ర తీరంలో చేస్తారు. అక్కడి ఆకు మన బీట్‌రూట్ జాతిదే, కాకపోతే గడ్డ కోసం కాకుండా ఆకు కోసం పెంచుతారు. అందుకని తాజా బీట్‌రూట్ ఆకులు దొరికితే అవే సరైనవి, లేకుంటే పాలకూర. అర కిలో ఆలుగడ్డను అంగుళం ముక్కలు చేసి ఉప్పు నీళ్లలో పది పన్నెండు నిమిషాలు ఉడికించాలి. మెత్తబడ్డాక అందులోనే ముందు కాడలు, రెండు నిమిషాలాగి ఆకు వేయాలి. ఇంకో మూడు నిమిషాలు చాలు. నీళ్లు మొత్తం వంపేసి, గిన్నెను ఒక్క నిమిషం మళ్లీ పొయ్యి మీద పెట్టి తడి ఆరనివ్వాలి. వేరే మూకుడులో నాలుగు చెంచాల నూనెలో ఆరు ఎల్లిగడ్డ రెబ్బలు సన్నగా తరిగి వేసి, వాసన వచ్చి రంగు మారకముందే ఆలుగడ్డ, ఆకు కలిపి గరిటెతో సగం మెదపాలి. పసుపు, జీలకర్ర ఏమీ వద్దు. ఆ తడి ఆర్చడం మానేస్తే మాత్రం నీళ్లోడుతుంది.

నా ప్రశ్నలు ఇవి. ఆకుకూర పెట్టి చేసే సోపర్నిక్ అనే రొట్టె పెనం మీద అడుగు మెత్తగా, పిండి పచ్చిగా ఉండిపోవడానికి కారణమేంటి? రాజ్మా, పాస్తా కలిపి చేసే పష్టా ఫజోల్ అనే చారులో గింజ ఎంతకీ మెత్తబడదు, చారు మాత్రం పలచగా ఉంటుంది, ఎక్కడ దిద్దుకోవాలి? నూనెలో తీపి పాప్రికా (ఘాటు లేని ఎర్ర మిరప పొడి) వేస్తే నల్లబడి చేదెక్కుతుంది. అదీగాక ఆ డబ్బా ఖరీదెక్కువ, దానికి బదులు మన దగ్గర ఏముంది? చివరగా మక్కపిండితో వాళ్లు చేసే వంటల్లో పొయ్యి మీద అయ్యేవి చెప్పండి.

---

కాజీపేట_పెనం

సోపర్నిక్ గురించి రాస్తా, ఎందుకంటే మీ షరతులకు ఇంతకంటే సరిపోయే వంట లేదు. అసలు పద్ధతిలోనే గుడ్డు, పాలు, వెన్న ఏవీ ఉండవు. స్ప్లిట్ నగరం వెనక కొండల్లో పొల్యిత్స అనే ప్రాంతానిది. మాంసం ముట్టని రోజుల్లో, అంటే గుడ్ ఫ్రైడే, క్రిస్మస్ ముందురోజు లాంటప్పుడు చేసుకునేవాళ్లు. 2016లో యూరోపియన్ యూనియన్ దీనికి భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. అక్కడ దాదాపు మీటరు వెడల్పు రొట్టె చేసి, వేడి రాతి పొయ్యి గచ్చు మీద వేసి, పైన నిప్పులు, బూడిద కప్పి కాలుస్తారు. కింద, పైన రెండువైపులా ఒకేసారి ఎండు వేడి తగలడం అందులో ముఖ్యం. పెనం మీద కింద నుంచే వేడి వస్తుంది, మూత పెడితే ఆవిరి తిరిగి పిండి మీద పడుతుంది. మీ రొట్టె మెత్తబడటానికి సగం కారణం అదే. మిగతా సగం ఆకులో తడి.

28 సెంటీమీటర్ల పెనానికి ఒక రొట్టె లెక్క చెప్తా. మైదా, గోధుమ పిండి చెరి సగం, మొత్తం 250 గ్రాములు. అర చెంచా ఉప్పు, రెండు పెద్ద చెంచాల నూనె, సుమారు 130 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు. చపాతీ పిండి కన్నా కొంచెం గట్టిగా ఉండాలి. బాగా పిసికి, తడిగుడ్డ కప్పి అరగంట వదిలేయాలి. ఇది మానొద్దు, నానని పిండి ఒత్తుతుంటే వెనక్కి ముడుచుకుంటుంది, మందంగా ఉండిపోతుంది, మందంగా ఉన్నచోటే పచ్చిగా మిగులుతుంది. రెండు ముద్దలు చేసి, కింది రొట్టెకు కొంచెం పెద్దది ఉంచి, రెండూ రెండు మిల్లీమీటర్లు దాటకుండా ఒత్తాలి.

ఆకు: కాడలు తీసేశాక 350 నుంచి 400 గ్రాములు. పాలకూర ఒక్కటే వేస్తే నీరు ఎక్కువ. తోటకూర ఆకు సగం, పాలకూర సగం వేస్తే బాగుంటుంది. బీట్‌రూట్ ఆకు దొరికితే మొత్తం అదే. రాత్రే కడిగి బట్ట మీద పరిచేస్తే పొద్దున్నకు తడి ఆరుతుంది. అంత సమయం లేకుంటే ఫ్యాన్ కింద రెండు గంటలు. వేలు ఉన్నంత వెడల్పు చీలికలుగా తరిగి, ఒక ఉల్లిగడ్డ సన్నగా తరిగి కలపాలి. ఉడికించకూడదు, వేయించకూడదు. ఉప్పు ముప్పావు చెంచా, నూనె ఒక చెంచా. ఉప్పు మాత్రం రొట్టెలు రెండూ ఒత్తి, పెనం వేడెక్కాకే ఆకులో కలపాలి. ముందే కలిపి పక్కన పెడితే పది నిమిషాల్లో గిన్నె అడుగున నీళ్లు చేరతాయి. చాలామంది చేతిలో ఈ వంట చెడేది ఇక్కడే.

కింది రొట్టె మీద ఆకు సమంగా పరిచి, అంచు రెండు వేళ్ల వెడల్పు వదిలి, పై రొట్టె కప్పాలి. చేత్తో అదిమి గాలి తీసేసి, కింది అంచును పైకి మడిచి నొక్కాలి. పెనం మీద నూనె వేయొద్దు, పొడి పిండి కొంచెం చల్లండి. సన్న మంట మీద ముందు నాలుగు నిమిషాలు మూత పెట్టండి, ఆకు మగ్గడానికి. తర్వాత మూత తీసేసి ఇంకో నాలుగైదు నిమిషాలు. ఉబ్బితే పైన ఫోర్క్‌తో గుచ్చండి. తిప్పేటప్పుడు వెడల్పు పళ్లెం బోర్లించి, పెనాన్ని పళ్లెంతో సహా తిప్పి, పళ్లెంలోంచి మళ్లీ పెనంలోకి జార్చాలి. అట్లకాడతో తిప్పితే చిరుగుతుంది. రెండోవైపు మూత లేకుండా ఎనిమిది నిమిషాలు. సర్వప్ప చేసే గంజులో ప్రయత్నించకండి. అంచులు పైకి లేచి ఉంటాయి కాబట్టి ఆవిరి అందులోనే తిరుగుతుంది, నడుమ గుంటలో నీరు చేరుతుంది.

దించగానే నాలుగు ఎల్లిగడ్డ రెబ్బలు మెత్తగా దంచి మూడు చెంచాల నూనెలో కలిపి, వేడి మీదనే పైన రాయాలి. ఆలివ్ నూనె కొద్దిగా ఉంటే ఇక్కడ వాడండి. వేయించడానికి వాడితే డబ్బులు పొగలో పోయినట్టే, ఆ వాసన వేడికి నిలవదు. పది నిమిషాలు ఆగి, బర్ఫీ కోసినట్టు ఏటవాలుగా కోయండి.

---

బొబ్బర్ల_గింజ

గింజ మెత్తబడకపోవడానికి మూడు కారణాలుంటాయి, చాలా ఇళ్లల్లో మూడూ కలిసే ఉంటాయి. గింజ పాతది కావడం మొదటిది. ఏడాది దాటి నిల్వ ఉన్న రాజ్మా ఎంత నానబెట్టినా లోపల సున్నం ముద్దలా ఉండిపోతుంది. సరుకు త్వరగా అమ్ముడుపోయే కొట్లో కొనండి, ముడతలు పడి పొట్టు పగిలిన గింజలు వద్దు. రెండోది నీళ్లు. బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ. అది గింజ పొట్టులోని పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని గట్టిపరుస్తుంది. నానబెట్టడానికి, ఉడికించడానికి రెండింటికీ ఫిల్టర్ నీళ్లు వాడండి. మూడోది పులుపు. టమాట, వెనిగర్ ముందే పడితే గింజ అక్కడితో ఆగిపోతుంది. మెత్తబడ్డాకే పులుపు.

ఉప్పు వల్ల గట్టిపడుతుందని అంటారు, అది నిజం కాదు. నానబెట్టే లీటరు నీళ్లకు రెండు చెంచాల ఉప్పు వేస్తే పొట్టు ఇంకా మెత్తబడుతుంది. పాత గింజ అయితే ఉడికించేటప్పుడు పావు చెంచా వంటసోడా. అంతకంటే వేస్తే సబ్బు రుచి.

నలుగురికి 200 గ్రాముల రాజ్మా, చిత్రా రకమైతే మంచిది. పది గంటలు నానబెట్టి ఆ నీళ్లు పారబోయాలి. కొత్త నీళ్లు లీటరున్నర, రెండు బిర్యానీ ఆకులు, ఒక క్యారెట్, ఒక ఆలుగడ్డ, ఒక ఉల్లిగడ్డ పెద్ద ముక్కలుగా వేసి అయిదు విజిళ్లు, ఆ తర్వాత సన్న మంట మీద పావుగంట. రాజ్మాను కుక్కర్ లేకుండా చేసేవాళ్లు తెర్లే నీళ్లలో కనీసం పది నిమిషాలు గట్టిగా మరగనివ్వాలి. పచ్చి గింజలో లెక్టిన్ అనే పదార్థం ఉంటుంది, సగం ఉడికితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. సన్నటి వేడి మీద గంటలకొద్దీ ఉంచినా అది పోదు, మరగాల్సిందే. ఈ తలనొప్పి వద్దనుకుంటే బొబ్బర్లు వాడండి: ఆరు గంటల నాన, మూడు విజిళ్లు. రుచి తేలికగా ఉంటుంది, ధర కూడా తక్కువ.

పలచగా ఉండటానికి మందు గింజల్లోనే ఉంది. ఉడికిన గింజల్లో మూడో వంతు, ఆలుగడ్డ, క్యారెట్ తీసి మెత్తగా రుబ్బి తిరిగి కలపండి. ఇంకా చిక్కదనం కావాలంటే జాప్ర్‌ష్కా వేస్తారు. మన తాలింపు లాగే చివరలో పడుతుంది, కాకపోతే ఇందులో పిండి ఉంటుంది. రెండు చెంచాల నూనెలో ఒక చెంచా మైదా వేసి, సన్న మంట మీద లేత గోధుమ రంగు వచ్చేదాకా రెండు మూడు నిమిషాలు కలపాలి. దంచిన ఎల్లిగడ్డ రెండు రెబ్బలు. ఇప్పుడు పొయ్యి ఆర్పాలి. ఆర్పాక ఒక చెంచా పాప్రికా వేసి, పది సెకన్లు తిప్పి, వెంటనే గరిటెడు చల్లటి నీళ్లు పోయాలి. పాప్రికాలో చక్కెర ఎక్కువ, పొడి బాగా మెత్తన, అందుకే వేడి నూనెలో చూస్తుండగానే మాడుతుంది. మీకు చేదెక్కడం ఇందుకే. ఈ ముద్దను చారులో కలిపి అయిదు నిమిషాలు మరగనిస్తే పిండి వాసన పోతుంది.

పాప్రికాకు బదులు ఇంకెక్కడికో పోవద్దు, మన చపాటా మిరప ఉంది. టమాటాలాగ గుండ్రంగా, పొట్టిగా ఉండే కాయ. రంగు చాలా ఎక్కువ, ఘాటు తక్కువ. 2025లో వరంగల్ చపాటా మిరపకు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎండు కాయలు కొని, తొడిమ, గింజలు, లోపలి తెల్ల ఈనె మొత్తం తీసేయండి, ఘాటు ఎక్కువగా ఆ ఈనెలోనే ఉంటుంది. తోలు మాత్రం గంటసేపు ఎండలో పెట్టి మిక్సీ పట్టి జల్లించండి. పాప్రికాలోని తీపి ఇందులో అంత ఉండదు కాబట్టి చెంచా పొడికి చిటికెడు చక్కెర కలపండి. పెద్దవాళ్లకైతే మొదట అర చెంచాతో మొదలుపెట్టండి. కొట్లో అమ్మే మామూలు కారం మాత్రం దీనికి పనికిరాదు.

పాస్తా చివర్లో. పొట్టి రకం మాకరోనీ 100 గ్రాములు, ఎనిమిది పది నిమిషాలు. రాత్రి చేసి పొద్దున తినేలా ఉంటే పాస్తా వేరుగా ఉడికించుకోండి. చారులో వదిలేస్తే తెల్లారేసరికి నీరంతా తాగి ముద్దవుతుంది. దించాక ఒక చెంచా వెనిగర్ చుక్క చుక్కగా వేస్తూ రుచి చూడండి. చాలామంది ఇది మర్చిపోయి రుచి చప్పగా ఉందని ఉప్పు పెంచుతారు.

---

హన్మకొండ_వంటిల్లు

ధన్యవాదాలు అన్నా, కాజీపేట వారికి కూడా. ఆకులో ఉప్పు చివర్లో కలపాలన్నది, పొయ్యి ఆర్పాక పొడి వేయాలన్నది రెండూ ఎక్కడా ఇంత వివరంగా రాయలేదు. ఇంకొకటి. అక్కడి చారుల్లో వెగెటా అనే పొడి వేయమని చాలాచోట్ల ఉంటుంది. ఇంట్లో చేసుకోవచ్చా? మక్కపిండి గురించి కూడా ఎవరైనా చెప్పండి.

---

బొబ్బర్ల_గింజ

వెగెటా కొప్రివ్నిత్స పట్టణంలోని పొద్రావ్కా కంపెనీది, 1959 నుంచి ఉంది. ఎండబెట్టిన కూరగాయలు, ఉప్పు, మోనోసోడియం గ్లూటమేట్ (అజినమోటో). అందులో ఉప్పుదే పెద్ద వాటా. ఇంట్లో చేసుకునేదానికి క్యారెట్ తురుము 200 గ్రాములు, ఉల్లిగడ్డ 100, కొత్తిమీర కాడలు 100, ఉప్పు 100. అంటే కూరగాయ నాలుగు పాళ్లు, ఉప్పు ఒక పాలు. మిక్సీలో ముద్దచేసి గాజు సీసాలో ఫ్రిజ్‌లో పెడితే నెల, రెండు నెలలు ఉంటుంది. ఉప్పు తగ్గిస్తే ఉండదు. ఒక చెంచా వేసిన చారులో వేరే ఉప్పు చివర్లో రుచి చూసే వేయండి. కూరగాయలు సన్నగా తురిమి ఏప్రిల్, మే ఎండలో కరకరలాడేదాకా ఎండబెట్టి పొడి కూడా కొట్టొచ్చు. చినుకులు పడే రోజుల్లో ఆ పని పెట్టుకోవద్దు.

---

నర్సంపేట_మక్కచేను

మక్క సంగతి నేను చెప్త అక్కా. మన దిక్కు గట్క తెల్వని ఇల్లు లేదు. క్రొయేషియాల జాగొరియె దిక్కు చేసే జ్గాంత్సి, తీరం దిక్కు చేసే పాలెంటా, రెండిటికీ సరుకు అదే, వండే తీరే వేరు.

పాలెంటా అంటే మెత్తటిది. మక్కరవ్వ ఒక గ్లాసు, నీళ్లు నాలుగు గ్లాసులు, ఉప్పు ఒక చెంచా. తెర్లే నీళ్లల్ల రవ్వ ఒక్కసారే కుమ్మరిస్తె ఉండలు కడతది. పైపైన ఉడికి లోపల పొడి పిండి ఉండిపోతది. రవ్వను ముందుగాల ఒక గ్లాసు చల్లనీళ్లల్ల కలుపుకొని, మిగిలిన మూడు గ్లాసులు తెర్లినంక అండ్ల పోయాలె. అయిదు నిమిషాలు చెయ్యి ఆపకుండ తిప్పాలె. ఆ తర్వాత బాగా సన్న మంట, మూత, అయిదారు నిమిషాలకొకసారి తిప్పుడు, మొత్తం ఇరవై అయిదు ముప్పై నిమిషాలు. పది నిమిషాలకే గట్టిపడ్డది కదా అని దించొద్దు. రవ్వ గింజ లోపల ఉడకది, పంటికింద కరకరమంటది, కడుపుల బరువైతది. దానిమీద మీ బ్లిట్వా గానీ, టమాట, ఎల్లిగడ్డ ఉడకబెట్టిన సాస్ గానీ వేసుకోవాలె.

జ్గాంత్సి గట్టిది. రెండు గ్లాసుల మక్కపిండి, నాలుగు గ్లాసుల నీళ్లు. నీళ్లు తెర్లంగనే పిండి నడుమ కుప్పగా పోసి, కట్టె గరిటె కామతోని కుప్ప నడుమ అడుగుదాక పొక్క చెయ్యాలె. కలపొద్దు. ఆ పొక్కలకెళ్లి నీళ్లు పైకి ఉబుకుతుండాలె, సన్న మంట మీద ఇరవై అయిదు నిమిషాలు. తర్వాత పైనున్న నీళ్లు ఒక గిన్నెల వంపి పక్కకు పెట్టి, పిండిని గట్టిగ కలపాలె. పొడిగున్నదనిపిస్తె ఆ వంపిన నీళ్లే కొంచెం కొంచెం పోసుకోవాలె. ఫోర్క్‌తోని విరిచి పళ్లెంల పెట్టి, ఎర్రగ వేయించిన ఉల్లిగడ్డ పైన, పక్కన పుల్లటి పెరుగు. వాళ్లు గూడ పుల్లపాలతోనే తింటరు.

మిగిలిన పాలెంటా పారెయ్యొద్దు. నూనె రాసిన పళ్లెంల వేలు మందం పరిచి ఫ్రిజ్‌ల పెడితె గట్టిపడతది. తెల్లారి ముక్కలు కోసి పెనం మీద కాల్చాలె. ఒకవైపు బాగా ఎర్రగై దానంతట అదే పెనం వదిలేదాక కదపొద్దు, ముందుగాల తిప్పితె పైపొర పెనానికే అంటుకుంటది.

సరుకు గురించి ఒక మాట. గిర్నిల పట్టించే ముందు గింజలు చేతుల పోసుకొని చూడాలె. ఆకుపచ్చ, నల్ల బూజు ఉన్న గింజ ఒక్కటున్నా ఏరెయ్యాలె, బూజు ఎక్కువుంటె ఆ మక్కలే వద్దు. ఆ బూజు విషం ఉడికిస్తె పోదు. పిండి నెలకంటె ఎక్కువ దాచొద్దు, మక్క మొలకల నూనె ఉంటది, చేదెక్కుతది.

వానాకాలం లేత కంకులు వచ్చినప్పుడు క్రొయేషియాల ఇస్త్రియా దిక్కు వాళ్ల బోబిచి మనేష్ట్రా, అంటే లేత మక్కగింజల చారు, చెయ్యిరి. నానబెట్టిన రాజ్మా 150 గ్రాములు నాలుగు విజిళ్లు వచ్చినంక, రెండు ఆలుగడ్డల ముక్కలు, మూడు లేత కంకుల గింజలు వేసి మూత లేకుండ ఇరవై అయిదు నిమిషాలు. వాళ్లు పందికొవ్వు, ఎల్లిగడ్డ, పార్స్లీ కలిపి దంచి పెష్ట్ అని వేస్తరు. మనకు పల్లి నూనె రెండు చెంచాలు, ఎల్లిగడ్డ అయిదు రెబ్బలు, గుప్పెడు కొత్తిమీర రోట్లె నూరి, ఉడకబెట్టే మొదట్లనే సగం, దించేటప్పుడు సగం వేస్తె సరిపోతది. ఎండు మక్కలు వాడొద్దు, పన్నెండు గంటలు నానబెట్టినా పైపొట్టు నమిలేతందుకు రాదు.

---

పండుమిర్చి_ములుగు

చపాటా మాట వచ్చింది కాబట్టి అయ్వర్ గురించి కూడా. ఇది క్రొయేషియా ఒక్కదానిదే కాదు, ఉత్తర మాసిడోనియా, సెర్బియా దాకా అంతా చేస్తారు. ఎర్ర తీపి మిరపకాయ, వంకాయ కాల్చి చేసే పచ్చడి. ఎర్ర క్యాప్సికమ్ కిలో కొనాలంటే ఖర్చెక్కువ. పండు చపాటా మార్కెట్‌కు వచ్చే రోజుల్లో క్యాప్సికమ్ 400 గ్రాములు, గింజ, ఈనె తీసిన పండు చపాటా 200, పెద్ద వంకాయ 400 తీసుకుంటే లెక్క కుదురుతుంది. మంట మీద తోలు నల్లబడేదాకా కాల్చి, గిన్నెలో మూత పెట్టి ఇరవై నిమిషాలు వదిలితే తోలు ఊడొస్తుంది. నల్లా కింద కడగొద్దు, కాలిన వాసనంతా నీళ్లలో పోతుంది. చిల్లుల గిన్నెలో రెండు గంటలు నీరోడనిచ్చి, కచ్చాపచ్చాగా దంచి, 80 మిల్లీలీటర్ల నూనెలో సన్న మంట మీద గంటసేపు కలుపుతూ ఉంచాలి. గరిటెతో గీస్తే అడుగు కనబడి, ఆ గీత వెంటనే పూడకుండా నిలిస్తే అయినట్టు. ఒక చెంచా ఉప్పు, రెండు పెద్ద చెంచాల వెనిగర్. చేతులకు నూనె రాసుకోకుండా చపాటా ఈనె తీయకండి.

మన ఆవకాయలాగ బయట పెట్టే వీలు లేదు. ఉప్పు, పులుపు రెండూ తక్కువ. ఫ్రిజ్‌లో పైన నూనె తేలేలా పెట్టి పది రోజుల్లో అవగొట్టాలి. సోపర్నిక్ మీద రాసే ఎల్లిగడ్డ నూనె కూడా అంతే, ఏ పూటకాపూట కలుపుకోవాలి. పచ్చి ఎల్లిగడ్డ నూనెలో మునిగి బయట ఉంటే బాటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే క్రిమి పెరిగే వీలుంది, వాసనలో, రంగులో ఏ తేడా తెలియదు.

---

కాజీపేట_పెనం

ములుగు వారు చెప్పింది గట్టిగా పట్టించుకోండి. ఎల్లిగడ్డ నూనె రాసిన సోపర్నిక్ మిగిలినా ఫ్రిజ్‌లోకే పోవాలి, మర్నాడు పెనం మీద మూత లేకుండా రెండేసి నిమిషాలు వేడిచేస్తే మళ్లీ గట్టిపడుతుంది.

ష్ట్రుక్లి అడగలేదు కానీ ఎవరో ఒకరు అడుగుతారు. జున్నులాంటి తాజా చీజ్, మీగడ, గుడ్డు కలిపిన పూర్ణాన్ని పిండిలో చుట్టి చేసే వంట అది. గుడ్డు తీసేస్తే ఉడికించేటప్పుడు పూర్ణం పట్టు తప్పి నీళ్లలో కరుగుతుంది. రవ్వ కలిపి చేసేవాళ్లున్నారు గానీ ఆ మెత్తదనం రాదు, లీటరు పాలకు వచ్చే పనీర్ కూడా కొంచెమే, ఖర్చు చూసినా దండగ. దానికి బదులు ఇస్త్రియా ప్ల్యుకాంత్సి చేయండి. మైదా 300 గ్రాములు, గోరువెచ్చని నీళ్లు 150 మిల్లీలీటర్లు, ఒక చెంచా నూనె, ఉప్పు. అరగంట నానాక, పెద్ద కాబూలీ శనగంత ముద్దలు తుంచి, తాలికలు చేసినట్టే రెండు అరచేతుల మధ్య రుద్దండి. నడుమ లావు, కొసలు సన్నం, చిన్న వేలంత పొడవు. పొడి పిండి చల్లిన పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరవండి. ఉప్పేసిన తెర్లే నీళ్లు రెండున్నర లీటర్లు, తక్కువైతే నీరు జిగురెక్కి అన్నీ అంటుకుంటాయి. పైకి తేలాక ఇంకో మూడు నిమిషాలు ఉంచి ఒకటి తుంచి చూడండి, నడుమ తెల్లటి చుక్క కనిపిస్తే ఇంకో నిమిషం. వంపేటప్పుడు ఆ నీళ్లు ఒక గ్లాసు ఉంచుకొని, టమాట సాస్‌లో పావు గ్లాసు పోసి కలిపితే సాస్ విడిపోకుండా పట్టుకుంటుంది.